తోడుజబ్బా, పుట్టుకొచ్చిన జబ్బా, పాతజబ్బా: ఏ మాట ఎక్కడ వాడాలి

మా పెద్దమ్మ పది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. చూడ్డానికి వెళ్తే, నేను కుర్చీలో కూర్చోకముందే డిశ్చార్జి సమ్మరీ తెచ్చి చేతిలో పెట్టింది. "అమ్మాయ్, నువ్వు రోజూ చూసేవి ఇవే కదా, ఇందులో నాకు ఎన్ని జబ్బులున్నాయని రాశారో చదివి చెప్పు" అంది. లెక్కపెట్టాను. షుగర్, బీపీ, థైరాయిడ్, మోకాళ్ల అరుగుదల, కుడి పాదం మీద పుండు, కాళ్ల నరాలు దెబ్బతినడం, కిడ్నీల పనితీరు తగ్గడం. మొత్తం ఏడు, వరసగా, మధ్యలో కామాలు. ఏడనగానే ఆవిడ మొహం వాడిపోయింది.

"ఏడు కాదు పెద్దమ్మా, నాలుగు. పుండూ, నరాలూ, కిడ్నీ షుగర్ కడుపున పుట్టినవి" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే షుగర్‌ని అదుపులో పెడితే ఆ మూడూ పోతాయా?" అని అడిగింది. పుండు మానుతుంది, మిగతా రెండూ పూర్తిగా పోవు గానీ ముదరకుండా చాలావరకు ఆపొచ్చు అని చెప్పాను. "మరి మోకాళ్లు?" "వాటి దారి వాటిది. షుగర్ తగ్గినంత మాత్రాన మోకాళ్ల నొప్పి తగ్గదు."

ఆ సమ్మరీలో తప్పు జబ్బు ఒక్కటీ లేదు. ఏది దేనికి తోడు, ఏది దేనివల్ల వచ్చింది అన్నది మాత్రం లేదు. నేను ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేస్తాను, ఎమ్మార్డీ అంటారు మావాళ్లు. కేస్ షీట్లు సర్ది, ప్రతి జబ్బుకూ కోడ్ వేసే పని. కో-మార్బిడిటీ, మల్టీమార్బిడిటీ, కాంప్లికేషన్, ప్రీ-ఎగ్జిస్టింగ్ డిసీజ్ అనే మాటలు రోజూ నా చేతి కింద నుంచి పోతాయి. బయట జనం వీటన్నిటినీ "ఇతర జబ్బులు" అనే ఒక్క మూటలో కట్టేస్తారు. అదే మూట బీమా ఫారంలోనో, మరణ ధ్రువీకరణలోనో విప్పాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది పడతారు.

మాట ఎంచుకోవడానికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ సందర్భంలో మనం ముందు పెట్టుకున్న అసలు జబ్బంటూ ఒకటి ఉందా? రెండో జబ్బు మొదటిదానిలోంచి పుట్టిందా, లేక దాని పాటికి అది వచ్చిందా? ఎప్పటి నుంచి ఉంది? ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబు తెలిస్తే మిగతావి కూడా తెలిసిపోయాయనుకోకూడదు.

కో-మార్బిడిటీ: అసలు జబ్బు ఒకటి ఉన్నప్పుడే

ఈ మాటను 1970లో ఆల్వన్ ఫైన్‌స్టీన్ అనే అమెరికన్ వైద్యుడు ప్రవేశపెట్టారు. యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఈయన వైద్యంలోకి రాకముందు గణితం చదివారు. ఆయన బాధంతా లెక్కల గురించే. ఒకే క్యాన్సరు ఉన్న ఇద్దరికి ఒకే చికిత్స చేస్తే, ఒకరికి గుండెజబ్బు కూడా ఉండి త్వరగా చనిపోతే, చికిత్స పనిచెయ్యలేదని రాసుకోవాలా? తోడున్న జబ్బులను లెక్కలోకి తీసుకోకుండా చికిత్సలను పోల్చితే ఫలితం తప్పుతుందని ఆయన వాదన. అందుకని "మనం చూస్తున్న జబ్బు" ఒకటి పెట్టుకుని, దానికి అదనంగా అదే మనిషిలో ఉన్న మరో జబ్బును కో-మార్బిడిటీ అన్నారు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, ఈ మాట ఎప్పుడూ ఒంటరిగా నిలబడదు. "ఆయనకి కో-మార్బిడిటీ ఉంది" అంటే వాక్యం సగమే అయింది. దేనికి తోడు? క్షయ రోగికి షుగర్ ఉంటే, క్షయ విభాగం దృష్టిలో షుగర్ కో-మార్బిడిటీ. అదే మనిషి షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్తే క్షయ కో-మార్బిడిటీ అవుతుంది. మనిషి మారలేదు, జబ్బులూ మారలేదు, మనం ఎక్కడ కూర్చుని చూస్తున్నామన్నదే మారింది. షుగర్ ఉన్నవారికి క్షయ వచ్చే ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి, మన దేశంలో ఈ రెండిటికీ కలిపి 2017లో ఒక జాతీయ విధానం వచ్చింది. క్షయ తేలినవారికి షుగర్ పరీక్ష, షుగర్ ఉన్నవారిలో క్షయ లక్షణాల కోసం ఆరా, రెండు వైపుల నుంచీ చూడాలన్నది దాని సారం.

తోడున్న జబ్బులన్నీ ఒకే బరువువి కావు. 1987లో మేరీ చార్ల్‌సన్ బృందం 19 జబ్బులకు మార్కులు వేసి, ఆసుపత్రిలో చేరిన మనిషి ఏడాదిలోపు చనిపోయే ముప్పును అంచనా వేసే పద్ధతి తయారుచేసింది. అందులో మామూలు షుగర్‌కి 1, షుగర్ వల్ల అవయవాలు దెబ్బతిని ఉంటే 2, శరీరమంతా పాకిన క్యాన్సరుకి 6. బీపీ ఆ జాబితాలోనే లేదు. మన ఇళ్లలో "బీపీ, షుగర్" అని ఒకే ఊపిరిలో అంటాం కదా, ఆ జాబితా చూసిన మొదటిసారి నేను ఆగిపోయాను. బీపీ ప్రమాదం కాదని కాదు. అది గుండెనో మెదడునో కిడ్నీనో దెబ్బతీసినప్పుడు, ఆ దెబ్బకే అక్కడ మార్కు.

కాంప్లికేషన్: ఒకదానిలోంచి ఇంకొకటి

జనం ఎక్కువగా పొరపడేది ఇక్కడే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

తోడుజబ్బుకి అసలు జబ్బుతో సంబంధం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కాంప్లికేషన్‌కి సంబంధం ఉండి తీరాలి. అసలు జబ్బు వల్లో, దానికి చేసిన చికిత్స వల్లో వచ్చినదే కాంప్లికేషన్. షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతినడం కాంప్లికేషన్. షుగర్ మనిషికి థైరాయిడ్ ఉండటం తోడుజబ్బు.

కోడింగులో ఈ తేడా చుక్క తర్వాతి ఒక్క అంకెలో ఉంటుంది. టైప్ 2 షుగర్‌కి ఐసీడీ-10 అనే అంతర్జాతీయ జబ్బుల పట్టికలో కోడ్ ఈ11. చుక్క తర్వాత 9 వేస్తే, కాంప్లికేషన్లు ఏమీ లేని షుగర్ అని అర్థం. 2 వేస్తే కిడ్నీ దెబ్బతింది, 3 అయితే కన్ను, 4 అయితే నరాలు, 5 అయితే రక్తప్రసరణ తగ్గి కాలికి పుండో కుళ్లో పట్టింది. కేస్ షీటులో డాక్టరు "డయాబెటిస్, ఫుట్ అల్సర్" అని కామా పెట్టి రాస్తే, ఆ పుండు షుగర్‌దా, మేకు గుచ్చుకుని వచ్చిందా అన్నది నాకు తెలియదు. "డయాబెటిక్ ఫుట్ అల్సర్" అని రాస్తే తెలుస్తుంది. కామా ఉన్న ఫైలు పట్టుకుని వార్డుకు వెళ్లి అడిగి రావడం నా ఉద్యోగంలో సగం.

బతికున్నప్పటి రికార్డు సంగతి ఇది. చనిపోయాక రాసే కాగితంలో ఈ తేడా ఇంకా పెద్దది. ఆసుపత్రిలో జరిగిన మరణానికి ఫారం 4, ఇంట్లో జరిగినదానికి ఫారం 4ఏ. రెండిటిలోనూ కారణం రాసే చోట రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో ఎ, బి, సి అని మెట్లలా గీతలు. పై గీత మీద ప్రాణం తీసిన చివరి పరిస్థితి, దాని కింద అది దేనివల్ల వచ్చిందో, దాని కింద అది దేనివల్లో. చివరి మెట్టు మీద ఉన్నదే మూల కారణం, దేశం లెక్కల్లోకి వెళ్లేది అదే. రెండో భాగంలో, చావుకి దోహదం చేసినా ఆ గొలుసులో భాగం కాని జబ్బులు రాస్తారు. అంటే మొదటి భాగం కాంప్లికేషన్ల గొలుసు, రెండో భాగం తోడుజబ్బుల చోటు.

షుగర్‌తో కాలు కుళ్లి, ఆ విషం రక్తంలోకి పాకి చనిపోయిన మనిషి ఫారం చూడండి. పైన సెప్సిస్, దాని కింద గ్యాంగ్రీన్, దాని కింద షుగర్. మూల కారణం షుగరే. ఇప్పుడు కొవిడ్‌తో చనిపోయిన షుగర్ మనిషిది చూడండి. పైన శ్వాస వైఫల్యం, కింద న్యుమోనియా, దాని కింద కొవిడ్. షుగర్ రెండో భాగంలోకి వెళ్తుంది. అదే షుగర్ ఒకచోట హంతకి, ఇంకోచోట సాయం చేసినది మాత్రమే. ఇక "కార్డియాక్ అరెస్ట్" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. ప్రతి మనిషీ గుండె ఆగే చనిపోతాడు. ఎందుకు ఆగిందో చెప్పకపోతే ఆ కాగితం ఏమీ చెప్పనట్టే.

2020లో ఈ రెండు భాగాల తేడా తెలియకే ఎంతో గందరగోళం జరిగింది. ఆ మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, వైద్యులకు మార్గదర్శకాలిస్తూ, ఉబ్బసం, షుగర్, గుండెజబ్బు వంటివాటిని కొవిడ్ మరణాల్లో మూల కారణంగా రాయొద్దని చెప్పింది. అయినా తెలంగాణ రోజువారీ బులెటిన్లలో మరణాలను కొవిడ్ వల్ల ఇంత శాతం, కో-మార్బిడిటీల వల్ల ఇంత శాతం అని విడదీసి చూపేవారు. చదివినవాళ్లకి ఏమర్థమవుతుంది? సగంమంది కొవిడ్‌తో పోలేదనే కదా. షుగర్ ఉన్నా ఆ మనిషి ఇంకో పదేళ్లు బతికేవాడు, కొవిడ్ రాకపోతే.

అమెరికాలోనూ ఇదే తప్పు మరో రూపంలో జరిగింది. 2020 ఆగస్టులో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, 6 శాతం మరణ ధ్రువపత్రాల్లోనే కొవిడ్ ఒక్కటి రాసి ఉందని ప్రకటిస్తే, మిగతా 94 శాతం మంది వేరే జబ్బులతో పోయారని ప్రచారం మొదలైంది. ఆ లెక్క కో-మార్బిడిటీస్ అనే శీర్షిక కింద ఉంది. కానీ ఆ జాబితాలో ముందున్నవేమిటి? న్యుమోనియా, శ్వాస వైఫల్యం. అవి కొవిడ్‌కి తోడొచ్చినవి కావు, కొవిడ్ తెచ్చిపెట్టినవి. ఒక శీర్షికలో ఒక మాట జారితే ఎంత దూరం పోతుందో నాకు అప్పుడు తెలిసింది.

మన దగ్గర ఈ మాటకు డబ్బుతో కూడా లంకె పడింది. 2021లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత కొవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం ఖరారైంది. కాగితం మీద కొవిడ్ పేరు లేని కుటుంబాలు ఎన్నో తిరిగాయి. చివరికి, పరీక్షలో తేలిన రోజు నుంచి 30 రోజుల్లోపు జరిగిన మరణాన్ని, ఆసుపత్రి బయట జరిగినా సరే, కొవిడ్ మరణంగానే చూడాలని మార్గదర్శకాలు వచ్చాక కొంత దారి దొరికింది.

ఏది ముందు పుట్టిందో తేల్చడం అన్నిసార్లూ తేలిక కాదు. బీపీ కిడ్నీలను పాడుచేస్తుంది, కిడ్నీలు పాడైతే బీపీ పెరుగుతుంది. మనిషి ఆసుపత్రికి వచ్చేసరికి రెండూ ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి వైపు, షుగర్ గానీ ఎన్నాళ్లుగానో ఉన్న బీపీ గానీ లేకుండానే కిడ్నీలు దెబ్బతిన్నవారు ఎందరో ఉన్నారు. అక్కడి రోగి షీటులో బీపీ కనబడగానే "బీపీ వల్ల కిడ్నీ" అని రాసేస్తే, ఆ ప్రాంతపు బాధ మొత్తం తలకిందులవుతుంది. కారణం తెలియని కిడ్నీ జబ్బు అని రాయడమే నిజాయితీ. జబ్బు పేరులోనే ఆ "తెలియని" అన్న మాట ఉంది.

మల్టీమార్బిడిటీ: మధ్యలో జబ్బు కాదు, మనిషి

ఒక మనిషిలో రెండో అంతకన్నా ఎక్కువో దీర్ఘకాలిక జబ్బులుంటే మల్టీమార్బిడిటీ. కో-మార్బిడిటీలో ఒకటి పెద్దపీట వేసుకుని కూర్చుంటుంది, మిగతావి చుట్టూ నిలబడతాయి. మల్టీమార్బిడిటీలో పెద్దపీట ఎవరికీ లేదు. అసలు జబ్బు ఏదని అడగం. ఈ మనిషి రోజు ఎలా గడుస్తోంది, ఎన్ని మాత్రలు మింగుతోంది, ఎంతమంది డాక్టర్ల చుట్టూ తిరుగుతోంది అని అడుగుతాం.

పెద్దమ్మ మందుల సంచి టీపాయి మీద ఒంపాను. షుగర్ డాక్టరు రాసినవి, గుండె డాక్టరు రాసినవి, ఎముకల డాక్టరు రాసినవి, నిన్నటి ఆసుపత్రివి. బీపీకి టెల్మిసార్టన్, అందులోనే మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉంది. మోకాళ్లకి నొప్పి మాత్ర ఎసిక్లోఫెనాక్. ఒక్కొక్క డాక్టరూ తన జబ్బు వరకూ సరైన మందే రాశారు. కానీ ఈ మూడు రకాలూ ఒకే మనిషి కడుపులో పడితే కిడ్నీల మీద దెబ్బ పడే ముప్పు ఉంది, పైగా ఈవిడ కిడ్నీలు ముందే నీరసంగా ఉన్నాయి. డిశ్చార్జి రోజున కిడ్నీ డాక్టరు నొప్పి మాత్ర ఆపమని చెప్పారట. "ఎముకల డాక్టరు మానొద్దన్నాడు, ఈయన వద్దన్నాడు, ఎవరి మాట వినను?" అని పెద్దమ్మ ఆ మాత్రని రోజు విడిచి రోజు వేసుకుంటోంది.

తోడుజబ్బుల లెక్కలో చూస్తే ఈ తగువు కనబడదు. ఎముకల డాక్టరు షీటులో కిడ్నీ ఒక కో-మార్బిడిటీ, కిడ్నీ డాక్టరు షీటులో మోకాళ్లు ఒక కో-మార్బిడిటీ, ఎవరి కాగితంలో వారిదే పెద్దపీట. అన్ని సంచులూ ఒకచోట ఒంపి చూసే ఒక డాక్టరు కావాలని చెప్పడానికి పుట్టిన మాట మల్టీమార్బిడిటీ. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2016లో దీనికి ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. మందులు పెంచడం కాదు, ఏవి తీసెయ్యొచ్చో చూడమనేది అందులో ముఖ్యమైన సలహా. స్కాట్లండ్‌లో సుమారు 17.5 లక్షల మంది రికార్డులు చూసి 2012లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో 23 శాతం మందికి ఇలా పలు జబ్బులున్నట్టు తేలింది. నన్ను పట్టి ఆపిన సంగతి వేరే ఉంది. పేద ప్రాంతాల్లో బతికేవారికి ఈ స్థితి, కలిగిన ప్రాంతాలవారికంటే 10 నుంచి 15 ఏళ్లు ముందే వస్తోంది.

కాబట్టి ఎంపిక ఇలా. ఒక ఆపరేషనో, ఒక క్యాన్సరో, ఒక ఇన్ఫెక్షనో మధ్యలో పెట్టి మాట్లాడుతుంటే కో-మార్బిడిటీ. ఇంట్లో పెద్దవాళ్ల మొత్తం ఆరోగ్యం గురించో, ఊళ్లో వృద్ధుల గురించో మాట్లాడుతుంటే మల్టీమార్బిడిటీ. "కో-మార్బిడిటీలు ఉన్న వృద్ధులు" అని రాసే బదులు "రెండు మూడు దీర్ఘకాలిక జబ్బులున్న వృద్ధులు" అంటే చాలు, తెలుగు కూడా చక్కగా ఉంటుంది.

ప్రీ-ఎగ్జిస్టింగ్ డిసీజ్: తేదీ మాట, డాక్టరు మాట కాదు

ఇది వైద్యంలోంచి వచ్చినట్టు కనబడుతుంది గానీ, బీమావాళ్ల మాట. దీనికి కావాల్సింది ఒక్క తేదీ, పాలసీ మొదలైన రోజు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం, ఆ రోజుకు ముందు 36 నెలల్లోపు డాక్టరు నిర్ధారించినది గానీ, సలహా లేదా చికిత్స ఇచ్చినది గానీ ప్రీ-ఎగ్జిస్టింగ్. దానికి పెట్టే నిరీక్షణ కాలం, అంటే ఆ జబ్బు ఖర్చు బీమా ఇవ్వని తొలి కాలం, 36 నెలలు దాటకూడదు, అంతకుముందు 48 ఉండేది. వరసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప "మీరు ఫలానాది దాచారు" అని క్లెయిము కాదనడానికి లేదు. అది కూడా మునుపు 8 ఏళ్లు.

ఇక్కడే మన మూడు ప్రశ్నలూ ఒకదానికొకటి తగులుకుంటాయి. పాలసీలో రాసి ఉండేది "ముందు నుంచి ఉన్న జబ్బు, దానివల్ల నేరుగా వచ్చే కాంప్లికేషన్లు" నిరీక్షణ కాలంలో వర్తించవని. తోడుజబ్బులు వర్తించవని కాదు. షుగర్ ఉందని చెప్పి పాలసీ తీసుకున్న మనిషికి రెండో ఏడు డెంగీ వస్తే, షుగర్ దానికి తోడుజబ్బు మాత్రమే, డెంగీ క్లెయిముకి అడ్డురాకూడదు. అదే మనిషికి షుగర్ పుండు వస్తే నిరీక్షణ కాలంలో క్లెయిము రాదు. క్లెయిము తిరస్కరించినప్పుడు ఉత్తరంలో ఏ మాట వాడారో చదవండి. తోడుజబ్బును కాంప్లికేషన్ అని రాసి ఉంటే, చికిత్స చేసిన డాక్టరు దగ్గర రెండిటికీ సంబంధం లేదని రాయించుకుని మళ్లీ అడగొచ్చు.

తేదీ విషయంలో ఒక అనుభవం. మా దూరపు బంధువు ఒకాయన గుండెనొప్పితో చేరితే, రాత్రి డ్యూటీ డాక్టరు "షుగర్ ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు. కంగారులో ఉన్న కొడుకు "పదేళ్ల నుంచీ ఉండొచ్చండీ" అన్నాడు. షీటు మీద "నోన్ కేస్ ఆఫ్ డయాబెటిస్, 10 ఇయర్స్" అని పడింది. నిజానికి తేలింది నాలుగేళ్ల క్రితం, పాలసీ తీసుకుంది ఆరేళ్ల క్రితం. ఆ ఒక్క "ఉండొచ్చండీ" వల్ల క్లెయిము ఏడు నెలలు నలిగింది. మొట్టమొదట షుగర్ తేలిన ల్యాబు రిపోర్టు పాత ట్రంకు పెట్టెలో దొరికాకే పని జరిగింది. క్యాజువాలిటీలో ఎవరైనా ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, తెలియకపోతే తెలియదనండి. ఊహ చెప్పకండి. ఏజెంటు ఫారం నింపుతూ "ఇవన్నీ ఎందుకు సార్, నిల్ అని పెట్టేద్దాం" అంటే మాత్రం ఒప్పుకోకండి, ఆ సంతకం మీది.

ఆయుష్మాన్ భారత్‌లోనూ ఆరోగ్యశ్రీలోనూ ఈ బెడద లేదు, ముందు నుంచి ఉన్న జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తాయి.

చిన్నగా చెప్పి వదిలేవి

కో-ఇన్ఫెక్షన్ అంటే రెండూ అంటువ్యాధులే అయ్యుండాలి. హెచ్‌ఐవీతో క్షయ ఉంటే కో-ఇన్ఫెక్షన్. షుగర్‌తో క్షయ ఉంటే కాదు, షుగర్ ఇన్ఫెక్షన్ కాదు కనుక. ఒక ఇన్ఫెక్షన్ ఉండగానో, దానికి చికిత్స జరుగుతుండగానో దాని నెత్తిన ఇంకొకటి వచ్చి పడితే సూపర్ ఇన్ఫెక్షన్. గోరుచుట్టు మీద రోకటిపోటు లాంటిది. 2021 మేలో మనల్ని వణికించిన బ్లాక్ ఫంగస్ అలా పడిందే. అదుపులో లేని షుగర్ ఒకవైపు, దాన్ని ఇంకా పెంచిన స్టెరాయిడ్లు ఇంకోవైపు దారి చేసిపెట్టాయి.

సీక్వెలా అంటే జబ్బు పోయాక అది మిగిల్చిపోయినది. పోలియో ఏనాడో పోయింది, సన్నబడిన కాలు మిగిలింది. చిన్నప్పటి కీళ్లజ్వరం పోయింది, గుండె కవాటం ఇరుకైపోయింది. జబ్బు ఇంకా ఉండగా వచ్చేది కాంప్లికేషన్, వెళ్లిపోయాక మిగిలేది సీక్వెలా.

రిస్క్ ఫ్యాక్టర్ అంటే జబ్బు వచ్చే ముప్పును పెంచేది, అది జబ్బు కానక్కర్లేదు. చుట్ట తాగడం ముప్పు, తోడుజబ్బు కాదు. బీపీ మాత్రం రెండు పడవల్లోనూ కాలు పెడుతుంది, అదే జబ్బు, అదే ముప్పు.

డ్యూయల్ డయాగ్నోసిస్ అనేది మానసిక వైద్యంలో, ముఖ్యంగా మందు అలవాటుతో పాటు డిప్రెషనో మరో మానసిక సమస్యో ఉన్నప్పుడు వాడతారు. ఇంట్లోవాళ్లు "ముందు తాగుడు మాన్పించండి, దిగులు అదే పోతుంది" అంటారు. రెండిటికీ ఒకేసారి చికిత్స జరగాలని చెప్పడానికే ఆ పేరు.

సిండెమిక్ అనేది మెరిల్ సింగర్ అనే మానవశాస్త్రవేత్త 1990లలో తెచ్చిన మాట. మత్తుపదార్థాలు, హింస, ఎయిడ్స్ పేద బస్తీల్లో ఒకదాన్ని ఒకటి ఎగదోసుకోవడం చూసి పెట్టారు. ఒక మనిషి కేస్ షీటులో దీన్ని వాడకండి, అది బస్తీ గురించి, సమాజం గురించి చెప్పే మాట.

తెలుగులో ఏమనాలి

పత్రికల్లో కో-మార్బిడిటీకి "అనుబంధ వ్యాధులు" అని కనబడుతుంది. నాకు నచ్చదు. అనుబంధం అంటే ఒకదానికొకటి కట్టిపడేసి ఉన్నట్టు, సంబంధం ఉన్నట్టు వినబడుతుంది. థైరాయిడ్‌కీ మోకాళ్లకీ ఏం అనుబంధం? "సహవ్యాధి" పరవాలేదు. ఇంట్లో మాట్లాడేటప్పుడు నేను తోడుజబ్బు అంటాను, ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

కాంప్లికేషన్‌కి ఆయుర్వేదంలో ఎప్పటి నుంచో మంచి మాట ఉంది, ఉపద్రవం. అసలు రోగం తర్వాత, దాన్నే ఆశ్రయించి పుట్టేది అని దానర్థం. మన ఇంగ్లిషు మాటకి ఇంతకన్నా సరైన జోడీ దొరకదు. కానీ ఇవాళ్టి తెలుగులో ఉపద్రవం అంటే తుపానో భూకంపమో గుర్తొస్తుంది. "షుగర్ ఉపద్రవాలు" అని కరపత్రంలో రాస్తే జనం హడలిపోతారు. అందుకని కొందరు "దుష్ప్రభావాలు" అంటున్నారు, అది ఇంకా చిక్కు. దుష్ప్రభావం అనగానే అందరికీ మందుల సైడ్ ఎఫెక్టే తడుతుంది. "షుగర్ దుష్ప్రభావాలతో కిడ్నీ పోయింది" అని చదివి, షుగర్ మాత్రల వల్లే కిడ్నీ పోయిందనుకుని మాత్రలు మానేసినవాళ్లని నేను చూశాను. "షుగర్ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు" అని తిన్నగా రాస్తే రెండు అక్షరాలు ఎక్కువైనా ఎవరి ప్రాణానికీ ముప్పు ఉండదు.

మల్టీమార్బిడిటీకి "పలుజబ్బులు" చాలు. ప్రీ-ఎగ్జిస్టింగ్‌ని బీమా సందర్భంలో అలాగే ఉంచడం మేలు, ఫారంలో ఆ మాటే ఉంటుంది కనుక.

పెద్దమ్మకి ఆరోజు ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లు గీసిచ్చాను. ఎడమవైపు సొంతంగా వచ్చినవి: షుగర్, బీపీ, థైరాయిడ్, మోకాళ్లు, ఒక్కొక్కదాని పక్కన మొదట తేలిన నెల, ఏడాది. మధ్యలో షుగర్ వల్ల వచ్చినవి: నరాలు, పాదం పుండు. కుడివైపు వేసుకుంటున్న మాత్రలన్నీ, రాసినదెవరో పేర్లతో. నొప్పి మాత్రకి ఎదురుగా "రెండు మాటలు, డాక్టరుని అడగాలి" అని రాశాను. కిడ్నీ దగ్గర కలం ఆగింది. షుగర్ కడుపున పుట్టిందని ఆవిడతో ధైర్యంగా అనేశాను గానీ, బీపీ కూడా పాతదే. షుగర్ వల్లనైతే కంటి వెనక పొర కూడా దెబ్బతిని ఉండే అవకాశం ఎక్కువ. ఆ పరీక్ష ఆవిడకి ఇప్పటిదాకా ఎవరూ చెయ్యలేదు. అందుకని కిడ్నీని రెండు గళ్లకీ మధ్య గీత మీద రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. వచ్చే మంగళవారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.